ఎర్ర సుద్దముక్క

ఇంజనీరింగ్ కాలేజీలో మా సార్ క్లాసుకి రెండే సుద్దముక్కలు తెచ్చుకునేవారు, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. పనులన్నిటినీ తెల్లటి బాణాలుగా గీసేవారు. ఏ దారిలో ఒక్క రోజు జాప్యం జరిగినా మొత్తం పని వెనకబడుతుందో, ఆ దారిని ఎర్రగా దిద్దేవారు. ఆ పద్ధతి పేరు క్రిటికల్ పాత్ మెథడ్, పొట్టిగా సీపీఎం. అందుకే మా బ్యాచ్‌లన్నిటికీ ఆయన ‘సీపీఎం సార్’.

సార్ ఉద్యోగం మొదలైంది నాగార్జునసాగర్ మీద. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట పనిలో కుర్ర ఇంజనీరుగా చేరారు. “వరద వచ్చేలోపు గోడ అనుకున్న ఎత్తుకు లేవాలి. కృష్ణమ్మ మనకోసం ఆగదు కదా!” అనేవారు. ఆ రోజుల్లోనే, 1957లో, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ సీపీఎం మీద పనిచేస్తోంది. మరుసటి ఏడు అక్కడి నేవీ వాళ్లు పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే ఇలాంటిదే ఇంకో పద్ధతి తయారు చేసుకున్నారు. ఆ పద్ధతుల గురించి సార్ చదివింది చాలా ఏళ్ల తర్వాత, ఎంటెక్‌లో. సాగర్‌లో పడ్డ టెన్షన్‌కి ఒక లెక్క ఉందని తెలిశాక ఇక పాఠాలు చెప్పడమే తన పని అనుకున్నారట.

1981లో మా ఫైనలియర్. కాలేజీ వెనకాల కొత్త హాస్టల్ కడుతున్నారు. స్లాబ్ పనికి నెట్‌వర్క్, అంటే ఆ బాణాల పటం, గీయమన్నారు సార్. సెంట్రింగ్, స్టీలు, కాంక్రీటు, క్యూరింగ్ అన్నీ చక్కగా గీశాం. సార్ ఆ కాగితం పట్టుకుని మమ్మల్ని నేరుగా సైట్‌కి తీసుకెళ్లి మేస్త్రీ చేతికిచ్చారు. మేం చదివి వినిపించాం. ఆయన కాసేపు ఆలోచించి, “మరి కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు ఎప్పుడేస్తారు బాబూ? కాంక్రీటు పోశాకా?” అన్నాడు. సార్ జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, “ఎక్కడ పెట్టాలో మీరే చూపించండి” అని మేస్త్రీకిచ్చారు. ఆ పెద్దాయన స్టీలుకీ కాంక్రీటుకీ మధ్య వణుకుతూ గీసిన గీత నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అంతకన్నా గొప్ప పాఠం నేను ఏ క్లాస్‌రూంలోనూ వినలేదు.

సార్ పరిశోధన కూడా అలాంటిదే. ఆగిపోయిన పనుల దగ్గరికి నోటుబుక్కుతో వెళ్లి కూర్చునేవారు. “ఇవాళ పని ఎందుకు ఆగింది?” అని మేస్త్రీని, స్టోర్‌కీపర్‌ని, కూలీలని విడివిడిగా అడిగేవారు. రిజిస్టర్‌లో ‘వర్షం’ అని ఉండేది. అడిగితే ఒకచోట సిమెంటు పర్మిట్ రాలేదనీ (అప్పట్లో సిమెంటు ప్రభుత్వ కంట్రోల్లో ఉండేది), ఇంకోచోట డ్రాయింగ్ సంతకం కోసం ఆగిందనీ తేలేది. ఆయన అచ్చువేసిన పేపర్లకంటే ఆ నోటుబుక్కులకే నేను ఎక్కువ విలువిస్తాను.

తర్వాత చాలా ఏళ్లకి, ఒక కాలువ పనిలో ఇన్‌ఛార్జిగా ఉన్నాను. తూము దగ్గర పని ఆగిపోయింది. జాప్యానికి కారణం రాయాల్సిన చోట ‘వర్షం’ అని రాయబోయి ఆగాను. ఆ వారం రెండు జల్లులు పడ్డ మాట నిజమే. కానీ, “తూము డ్రాయింగ్ తొమ్మిది రోజులు నా టేబుల్ మీదే ఉంది” అని రాసి, కింద సంతకం పెట్టాను.