అమ్మ కుట్లు విప్పిన రోజు

పొద్దున్నే అమ్మను తీసుకుని గుంటూరు వెళ్లాను. ముక్కు పక్కన ఆపరేషన్ అయి ఈరోజుకి వారం. నర్సు ఒక్కో కుట్టూ విప్పుతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొత్తం ఆరు కుట్లు.

మూడేళ్ల కింద అది ఆవగింజంత నల్ల మచ్చ. అరవై ఏళ్లకి కొత్తగా పుట్టుమచ్చ ఏంటని ఇంట్లో ఒక్కరికీ అనిపించలేదు. ముక్కు మీద మచ్చొస్తే డబ్బొస్తుందని పెద్దమ్మ అంది కూడా! అది చెక్కు కట్టేది, ముఖం తుడుచుకుంటే చెక్కు ఊడి కాస్త రక్తం వచ్చేది, మళ్లీ చెక్కు కట్టేది. అమ్మ పసుపు అద్దేది. నొప్పి లేదు. అక్కడే మోసపోయాం.

ముక్క పరీక్షలో బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్. ఇది వేరే అవయవాలకు పాకడం చాలా అరుదట, కానీ ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుందట. ఇంగ్లీషువాళ్లు పూర్వం దీన్ని ఎలుక పుండు అనేవాళ్లు. 1827లోనే డబ్లిన్‌లో ఆర్థర్ జాకబ్ అనే కంటి డాక్టరు దీని గురించి రాశాడు. తెల్లవాళ్లకి ఎక్కువగా ముత్యంలా మెరిసే బుడిపెలా వస్తుంది. మన చర్మంలో చాలాసార్లు నల్లగా ఉంటుంది, అందుకే పుట్టుమచ్చ అనుకుంటాం. చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి కోశారు. అంచుల్లో ఏమీ మిగల్లేదని ఈరోజు రిపోర్టు ఇచ్చారు.

బస్సులో తెలిసినావిడ "ముక్కుకేమైందక్కా?" అంది. "తలుపు తగిలింది" అంది అమ్మ, తడుముకోకుండా. క్యాన్సర్ అన్న మాట బయట అనొద్దని నాకు ముందే ఒట్టు. చిరాకేసింది గానీ నోరు మెదపలేదు.

మధ్యాహ్నం ఫోన్లో పాత ఫొటోలు పెద్దవి చేసి చూశాను. తమ్ముడి పెళ్లిలో ఉంది. పాప అన్నప్రాసన నాటికి ఇంకొంచెం పెద్దదైంది. మొన్న సంక్రాంతికి శనగగింజంత. అన్ని ఫొటోల్లోనూ అమ్మ పక్కన నేనే ఉన్నాను.

నలభై ఏళ్లు మిరప చేలో ఎండకు తలకే కొంగు కప్పుకుంది, ముఖానికి అడ్డం ఏమీ లేదు. ఎండలోకి వెళ్తే రాసుకోమని డాక్టరు క్రీము రాశారు. "ఈ వయసులో నాకు స్నోలేంటి, నవ్విపోతారు" అంటుంది.

సాయంత్రం మునగాకు కొయ్యడానికి పెరట్లోకి వెళ్తూ నాన్న తువ్వాలు ముఖానికి చుట్టుకుంది. క్రీము ట్యూబు మూత ఇంకా తియ్యలేదు.