వజూ నీళ్లతో చార్‌బాగ్: హన్మకొండ తోట పని ఎంతవరకు వచ్చిందంటే

రోహిణి కార్తెలో మొదలుపెట్టిన పని ఇప్పుడు ఒక రూపానికొచ్చింది. మా కాలనీ పక్కనున్న ఇస్లామిక్ సెంటర్‌కు నమాజు హాలు వెనక, అంటే తూర్పు వైపు, సుమారు 80 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. నాకు మొక్కల పిచ్చి ఉందని అందరికీ తెలుసు కాబట్టి డిజైన్ నాకే అప్పజెప్పారు.

సదర్ సాబ్, అంటే సెంటర్ కమిటీ అధ్యక్షుడి మనసులో ఉన్నది మొఘల్ తోట. ఫోన్లో ఢిల్లీ హుమాయూన్ సమాధి ఫొటో చూపించి, "అన్నా, నడిమిట్ల ఫౌంటెన్, నాలుగు దిక్కుల కాలువలు, గిట్ల కావాలె" అన్నారు. నాలుగు మడుల చార్‌బాగ్ సరే, ఫౌంటెన్ మాత్రం వద్దన్నాను. మే నెలలో మన దగ్గర నీళ్లు ఎండకు రోజుకో సెంటీమీటరు దాకా ఆవిరవుతాయి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు తొట్టికి ఆ లెక్కన రోజూ 90 లీటర్లు పోతాయి. వరంగల్ కోటలో ఖుష్ మహల్ నడుమ తొట్టి లేదా అని ఒకాయన అడిగారు. ఉంది, కానీ అది గోడల మధ్య నీడలో ఉంది.

అసలు నీళ్లు వజూ ఖానా, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు, వెనక మోరీలో పోతున్నాయి. ట్యాప్ కింద బకెట్ పెట్టి చూస్తే మనిషికి నాలుగైదు లీటర్లు తేలింది. జుమ్మాకు, అంటే శుక్రవారం నమాజుకు, 200 మంది వస్తారనుకున్నా 800 లీటర్లకు తక్కువ కాదు. సబ్బు కలవని నీళ్లు కాబట్టి మొక్కలకు భేషుగ్గా పనికొస్తాయి. మోరీ చివర మూడడుగుల గుంత తీసి, అడుగున 40 ఎంఎం కంకర, పైన 20 ఎంఎం, ఆ పైన ఇసుక పోశాం. అంచున మెట్టతామర నాటాం. అక్కణ్నుంచి రంధ్రాలు పెట్టిన 2 అంగుళాల పీవీసీ పైపు మడుల్లోకి వెళ్తుంది. నీళ్లు ఒక్క రోజుకు మించి నిలవకూడదు, నిలిస్తే దోమలు. ప్రవక్త ఒక ముద్ (పాత కాలపు కొలత) నీళ్లతోనే వజూ చేసేవారని హదీసుల్లో ఉంది, అంటే లీటరు కూడా కాదు. ఆ మాట ట్యాపుల పైన రాయించమన్నాను. అందరూ పాటిస్తే నా తోటకు నీళ్లు తగ్గుతాయి, అది వేరే సంగతి!

ఇక గీతల పంచాయితీ. ఇక్కడి నుంచి ఖిబ్లా, అంటే నమాజుకు తిరిగే మక్కా దిక్కు, నేరుగా పడమర కాదు, ఉత్తరం వైపు 12 డిగ్రీలు వంపు. హాలు ఆ లెక్కన కట్టారు, ప్రహరీ మాత్రం రోడ్డు వెంట నేరుగా ఉంది. బాటలు దేన్ని బట్టి వేయాలి? హాలునే బట్టి వేశాం. ఈద్ నాడు జనం ఎక్కువై వరుసలు ఈ జాగాలోకి కూడా వస్తాయి. వరుసకు 4 అడుగులు కావాలి కాబట్టి, చెట్లను ఖిబ్లా గీతకు అడ్డంగా 12 అడుగులకో వరుస పెట్టాం. ఏ చెట్టూ నమాజు వరుస మధ్యకు రాదు. ప్రహరీ వెంట మిగిలిన మూలల్లో గోరింట కంచె, అరటి వేశాం. నడిమి బాట 6 అడుగులు ఉంచాం, జనాజా (శవపేటిక) మోసుకెళ్లేటప్పుడు ఇరుకు కాకూడదని.

బాటకు నల్ల కడప రాయి వద్దన్నాను. వజూ చేసి తడి కాళ్లతో జొహర్ నమాజుకు నడిచేవాళ్లు మే నెల మధ్యాహ్నం దాని మీద అడుగు పెట్టలేరు. పసుపు తాండూరు రాయి తెప్పించాం. పాలిష్ చేయించలేదు, తడిలో జారుతుంది.

ఖుర్‌ఆన్‌లో పేరున్న చెట్లే కావాలని కమిటీ లిస్టు ఇచ్చింది: ఖర్జూరం, దానిమ్మ, అంజీర్, ఆలివ్, ద్రాక్ష, రేగు. ఆలివ్‌కు పూత రావాలంటే గట్టి చలి పడాలి, మన చలి చాలదు, కొట్టేశాను. ద్రాక్షకు పందిరి, మందులు, కత్తిరింపులు, ఎవరు చూస్తారు? అంజీర్ బాగా నాటుకుంది. దానిమ్మకు మాత్రం భయపడ్డాను, ఒక మూల నల్లరేగడి ఉంది, వేరు కుళ్లుతుంది. అక్కడ ఎర్రమట్టి, మొరం కలిపి అడుగెత్తు మడి చేశాం. రెండడుగుల గుంతలు రోహిణి ఎండలకు ఎండనిచ్చి, మాగిన పెంట, వేప పిండి కలిపి మిరుగం వానకు నాటాం. రేగుకు ఏమీ చేయలేదు, దానంతటదే బతికింది.

ఖర్జూరానికి ఆడ, మగ చెట్లు వేరు. పుప్పొడి చేత్తో అద్దాలి, కాయ పండే వేళకు వానలొస్తాయి. దాని బదులు మన ఈత చెట్టు పెడదామన్నాను. సదర్ సాబ్ నవ్వారు. "అన్నా, రేపు ఎవరన్నా కల్లుకు లొట్టి కడితే మసీదు ముందట పంచాయితీ నేను చెయ్యాల్నా?" ఆ పాయింట్ నేను ఆలోచించలేదు. టిష్యూ కల్చర్ (ల్యాబులో పెంచిన) ఖర్జూరం మొక్క ఒక్కటే, అందం కోసం తెస్తున్నాం.

నీడకు కానుగ ఎనిమిది మొక్కలు పెట్టాం, ఇప్పుడు నడుము ఎత్తుకు వచ్చాయి. దసరాలోగా కంకర గుంతలో ఇసుక పై పొర తీసి మార్చాలి, నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. ఆ తర్వాత రంజాన్ ఇఫ్తార్‌కు అరుగులు ఎక్కడ వేయాలో కూర్చొని తేల్చుకోవాలి. సదర్ సాబ్ ఫౌంటెన్ ఇంకా వదల్లేదు.