ట్రినిడాడ్ గ్రీన్ సీజనింగ్, దాంతో కోడికూర: నేను చేసే పద్ధతి

గ్రీన్ సీజనింగ్ అంటే కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో మాంసానికీ చేపకీ పట్టించే పచ్చి ఆకుల ముద్ద. అది చేద్దామనుకుంటే ముందు చూసుకోవాల్సింది షాడో బెనీ దొరుకుతుందా లేదా అన్నదే. పొడవాటి ఆకు, అంచుల వెంట రంపపు పళ్ళు. వాసన కొత్తిమీరలాగే ఉంటుంది కానీ బాగా ఘాటు, పైగా ఉడికినా పోదు. కొత్తిమీర వాసన పొయ్యి మీద కాసేపటికే తేలిపోతుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ళు కరీబియన్ కొట్టు దగ్గర్లో లేకపోతే వియత్నాం వాళ్ళ కొట్లో వెతకండి, లాటిన్ అమెరికా కొట్లలో కులాంట్రో అని అడగండి. ఎక్కడా దొరక్కపోతే కొత్తిమీరే రెట్టింపు వేస్తాను, కాడలతో సహా.

స్పానిష్ థైమ్ పేరు చూసి కంగారు పడక్కర్లేదు, అది మన వామాకే. బజ్జీలు వేసుకునే ఆ దళసరి ఆకు. నాలుగైదు ఆకులకు మించితే మిగతా వాసనలన్నిటినీ మింగేస్తుంది. ఇక పిమెంటో దగ్గర చాలామంది పొరబడతారు. జమైకాలో పిమెంటో అంటే ఆల్‌స్పైస్ గింజ. ట్రినిడాడ్‌లో పిమెంటో అంటే కారం దాదాపు లేని, ఘుమఘుమలాడే చిన్న మిరపకాయ. దాని బదులు ఆల్‌స్పైస్ పొడి వేస్తే కూర లవంగాల కషాయంలా తయారవుతుంది. ఆ మిరప దొరక్కపోతే సగం క్యాప్సికమ్‌లో గింజలూ లోపలి తెల్లపొరా తీసిన హబనేరో అనే బాగా ఘాటు మిరప ముక్క చిన్నది కలుపుతాను.

ఒక మామూలు సీసాకి నా కొలత ఇది: షాడో బెనీ 20 ఆకులు, ఉల్లికాడలు 6, సన్న థైమ్ 8 రెమ్మలు, వామాకు 4, పిమెంటో మిరపకాయలు 5, ఒక వెల్లుల్లి గడ్డలోని రెబ్బలన్నీ, సెలెరీ కాడ ఒకటి, ఉప్పు టీస్పూను. థైమ్ ఆకుల్ని దూసుకుని పుల్లలు పారేయాలి. అవి మిక్సీలో నలగవు, తినేటప్పుడు పంటికింద పడతాయి. కడిగిన ఆకుల్ని బట్ట మీద పరిచి బాగా ఆరనివ్వాలి. నీళ్ళు పోసి మెత్తగా తిప్పితే జ్యూస్ అవుతుంది, ముద్ద కాదు. ఆ నీరంతా తర్వాత మాంసంలోకి దిగి, కూర వేగకుండా ఉడికిపోతుంది. పల్స్ మీద ఆపి ఆపి తిప్పుతూ, కదలకపోతే ఒకటి రెండు చెంచాల నీళ్ళు చాలు. పచ్చి కొబ్బరి పచ్చడంత బరకగా ఉండాలి.

నిమ్మరసం ఇప్పుడే కలపను. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు పాకుడు రంగులోకి దిగుతుంది, ఒక్కోసారి వెల్లుల్లి నీలంగా కూడా మారుతుంది. పాడైందని పారబోయకండి, రుచికి ఏమీ కాదు. ఫ్రిజ్‌లో వారం నిలవుంటుంది. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో గడ్డకట్టించి సంచిలో వేసుకుంటాను. మన ఊరగాయ అలవాటుతో పైన నూనె పోసి గట్టు మీద మాత్రం పెట్టకండి. పులుపు లేని పచ్చి వెల్లుల్లి నూనె కింద గాలి తగలకుండా ఉంటే బాట్యులిజం, అంటే ప్రాణం మీదికి తెచ్చే విషాహార జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది.

కూరకి కిలో కోడి, ఎముకతో, చిన్న ముక్కలు. నిమ్మకాయ పిండి కడిగి, జల్లెడలో నీళ్ళన్నీ ఓడ్చి, 3 టేబుల్ స్పూన్ల సీజనింగ్, టీస్పూనున్నర ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. తొందరైతే 2 గంటలు.

అసలు పని ఇక్కడినుంచి. ట్రినిడాడ్ కర్రీ పౌడర్‌లో ధనియాలు, జీలకర్ర, పసుపు, మెంతులు ముఖ్యం, కారం పెద్దగా ఉండదు. మన మసాలా కారం దానికి బదులు కాదు. 2 టేబుల్ స్పూన్ల పొడిని పావు కప్పు నీళ్ళలో జారుగా కలిపి, 3 టేబుల్ స్పూన్ల నూనె కాగాక సన్న సెగ మీద పోయాలి. పొడిని అలాగే నూనెలో వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. కలిపిన నీళ్ళు ఆ మాడును ఆపుతూ మసాలాని వేగనిస్తాయి. మొదట పసుపు పచ్చటి బురదలా బుడగలు వేస్తుంది. రెండు మూడు నిమిషాలకి రంగు ముదిరి, రవ్వలా విడిపోయి, చుట్టూ నూనె తేలుతుంది. అంతకుముందే ముక్కలు వేస్తే ఎంతసేపు ఉడికించినా పచ్చి పసుపు వాసన వదలదు. మాడితే మాత్రం పారేసి మళ్ళీ మొదలుపెట్టడమే, చక్కెర వేసి కప్పిపుచ్చేది కాదది.

ముక్కలు వేసి మసాలా పట్టేలా తిప్పి మూత పెడితే కోడి తన నీరు తానే వదులుతుంది. పావుగంటయ్యాక మూత తీసి, సెగ పెంచి, ఆ నీరంతా ఇగిరి అడుగంటబోయేదాకా ఆగాలి. రుచంతా ఆ అడుగునే ఉంటుంది. అప్పుడు కప్పు వేడినీళ్ళు పోసి గీకి, ఒక స్కాచ్ బానెట్ మిరపకాయ చీల్చకుండా పైన పెడతాను. చిట్లిందా, కూర నోట పెట్టలేం, గరిటె జాగ్రత్త. ఇంకో 15 నిమిషాల్లో అయిపోతుంది. నీళ్ళు పోయకుండా బాగా ఇగరబెట్టి దించితే దాన్ని బుంజాల్ అంటారు, మన ఇగురుకి దగ్గర.

దించేముందు అర టీస్పూను వేయించిన జీలకర్ర పొడి. అక్కడ దాన్ని గీరా అంటారు. 1845 మే 30న మన దేశం నుంచి కూలీలతో మొదటి ఓడ ఫతెల్ రజాక్ ట్రినిడాడ్ చేరినప్పటినుంచి 1917 దాకా అక్కడికి వెళ్ళిన ఒప్పంద కూలీల్లో ఎక్కువమంది కలకత్తా రేవు దాటిన భోజ్‌పురీ ప్రాంతం వాళ్ళు, ఆ వంటింటి వాసన ఇప్పటికీ ఇందులో ఉంది. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, కాకపోతే తక్కువమందే. చల్లారాక నిమ్మరసం, రెండు షాడో బెనీ ఆకుల తరుగు. పరాటాతో బాగుంటుంది, అన్నంలోకి కాస్త పలచగా దించుకోండి.

ఇదే సీజనింగ్ చేపకి పెడితే అరగంట మించనివ్వను. నిమ్మరసం కలిపినప్పుడైతే అసలే ఎక్కువసేపు వద్దు, పులుపుకి చేప పైపైన తెల్లబడి, వేయించేటప్పుడు పొడి పొడిగా విరిగిపోతుంది.