ముఖం కడగడానికి కుసుమ నూనె

ఎండలోకి పోయేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోమని అందరూ చెప్తారు. సాయంత్రం దాన్ని ఎట్లా వదిలించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను అనంతపురంలో ఉంటాను, గ్రామ వ్యవసాయ సహాయకురాలిని. ఖరీఫ్ మొదలైందంటే ఏ చేలో ఏ పంట వేశారో ఎక్కించే ఈ-క్రాప్ నమోదు కోసం పొలాల గట్ల మీదే పొద్దు గడిచిపోతుంది. చేను దగ్గర నిలబడి ఫొటో తీయాల్సిందే, ఆఫీసులో కూర్చుని చేసే పని కాదు. స్కూటీ, హెల్మెట్, ముఖానికి చుట్టిన చున్నీ, దాని కింద జింక్ ఆక్సైడ్ ఉన్న మందపాటి సన్‌స్క్రీన్. చెమటకు కారిపోకూడదని నీళ్లకు లొంగని రకమే కొంటాను. దాని మీద ఎర్రమట్టి దుమ్ము. ఇంటికొచ్చి ఫేస్‌వాష్‌తో కడుక్కున్నాక కూడా ముక్కు పక్కన గీకితే గోట్లోకి తెల్లగా వచ్చేది. సరిగ్గా పోలేదని మళ్లీ సబ్బుతో రుద్దేదాన్ని. బుగ్గలు బిగుసుకుపోయి మంట, ముక్కు మీద మాత్రం జిడ్డు అట్లాగే.

దీనికి తోడు మా బోరు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది, బకెట్ అంచుకు పట్టుకునేది అదే. అది ముఖం మీద మాత్రం పట్టుకోకుండా ఉంటుందా? పైగా సబ్బు పీహెచ్ 9, 10 దాకా, అంటే క్షారం వైపు ఉంటుంది. చర్మం పైపొర సహజంగా 5 దగ్గర, కొంచెం పులుపు వైపు ఉంటుంది. రోజూ రెండు మూడు సార్లు సబ్బు రుద్దితే బుగ్గలు పొట్టు లేచాయంటే ఆశ్చర్యం ఏముంది!

పక్క మండలంలో పనిచేసే అక్క ఒకామె “నూనెతో కడుక్కో, ఫేస్‌వాష్ తర్వాత సంగతి” అంది. ఇంట్లో చెబితే జేజి నవ్వింది. “తలకు నూనె పెడతా రమ్మంటే మంచం కింద దూరేదానివి, ఇప్పుడు మొగానికే పూసుకుంటానంటాండావా?” ఆమెకు ఇది వింతేమీ కాదు. పసిబిడ్డకు ఆముదం పట్టించి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసిన చేతులు ఆమెవి. కిటుకు కూడా కొత్తదేమీ కాదు. పనసకాయ కోసిన చేతికి అంటుకున్న జిగురు నీళ్లకు పోదు, నూనె రుద్దితే ఊడొస్తుంది. సన్‌స్క్రీన్‌లో, చర్మం నుంచి ఊరే జిడ్డులో ఉండేవి చాలావరకు నూనెలో కరిగే పదార్థాలు, మైనాలు. వాటిని నీళ్లు కదిలించలేవు, నూనె కదిలిస్తుంది.

ఏ నూనె అనేదే చిక్కు. నా సమయం ఎక్కువగా దీనికే పోయింది.

ఇంట్లో ఎప్పుడూ ఉండేది కొబ్బరి నూనె కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. అది నాకు పడలేదు. నుదురంతా సన్నటి గింజలు లేచాయి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ అనే కొవ్వు ఆమ్లమే. చేతులకు, కాళ్లకు హాయిగా ఉన్నా మొటిమలొచ్చే ముఖానికి అది మంచిది కాదని చాలామంది చర్మ వైద్యులు చెప్తారు. ఏ నూనె రంధ్రాలను ఎంత మూస్తుందో 0 నుంచి 5 దాకా మార్కులు వేసిన పట్టికలు కూడా చూశాను. అవి చాలావరకు కుందేలు చెవికి పూసి చూసిన పాత పరీక్షల మీద ఆధారపడినవని తెలిశాక వాటిని పట్టించుకోవడం మానేశాను. నాకు కావలసింది నా ముఖం సంగతి, కుందేలు చెవి సంగతి కాదు.

తర్వాత మా జిల్లా నూనె, అంటే చెనిక్కాయ (వేరుశనగ) నూనె. ఊరంతా చెనిక్కాయే పండేచోట దీన్ని ఎందుకు వదలాలి అనుకున్నాను. పని బాగానే చేసింది కానీ వాసన! ముఖం కడుక్కుంటుంటే ఎవరో పక్కన బోండాలు వేస్తున్నట్టే ఉండేది. అందులో ఒలీయిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం పాలు కూడా ఎక్కువే.

ఈ ఆమ్లాల గొడవ ఎందుకంటారా? నూనె ఎంపికంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్ల ముంజేతులకు కొన్ని వారాల పాటు ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె పూసి చూశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఒలీయిక్ ఎక్కువగా ఉండే ఆలివ్ నూనె చర్మం పైపొరను బలహీనం చేసి కాస్త ఎర్రబడేలా చేసింది. లినోలియిక్ అనే మరో కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె పైపొరకు హాని చేయలేదు, తేమనూ పెంచింది. చిన్న అధ్యయనమే, అదీ ముంజేతి మీద. అయినా మా ఫ్రెండ్స్ అంత డబ్బు పోసి కొనే ఆలివ్ నూనె సీసా వైపు నేను మళ్లీ చూడలేదు.

పొద్దుతిరుగుడు అంటే ఇంట్లో వంటకు వాడే ప్యాకెట్టే. రిఫైన్డ్ అని భయపడాల్సిన పని లేదు. రిఫైన్ చేస్తే వాసన, రంగు, కొంత విటమిన్ ఇ పోతాయి, లినోలియిక్ అలాగే ఉంటుంది. అయితే అది గింజ కట్టేటప్పటి వాతావరణాన్ని బట్టి మారుతుంది, ఆ సమయంలో వేడి ఎక్కువైతే ఒలీయిక్ పెరిగి లినోలియిక్ తగ్గుతుంది. ఇది నా ఉద్యోగం నేర్పిన సంగతి, ముఖానికి పనికొస్తుందని అనుకోలేదు.

లినోలియిక్ అన్నిటికన్నా ఎక్కువ కావాలంటే కుసుమలు. మామూలు కుసుమ నూనెలో నాలుగింట మూడు వంతుల దాకా అదే. పలచగా ఉంటుంది, వాసన దాదాపు లేదు. దొరకడమే కష్టం. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగళ్లలో రబీకి శనగ వేసేవాళ్లు ఒకప్పుడు చేను చుట్టూ కుసుమ సాళ్లు వేసేవాళ్లు, ఆ ముళ్లకు పశువులు లోపలికి రావని. ఇప్పుడు వెతుక్కోవాలి. పాతూరులో గానుగ పెట్టుకున్నాయన్ని అడిగితే, “ఎవరేస్తాండారు మేడం కుసుమలు? ముండ్లు గుచ్చుకుంటాయని కోతకు కూలోళ్లు రారు. గింజలు మీరు తెచ్చిస్తే ఆడిచ్చిస్తా” అన్నాడు. నాకు తెలిసిన రైతు దగ్గర గింజలు కొని తీసుకుపోయాను.

కట్టె గానుగలో రోకలి తిరిగే కొద్దీ గింజ నలిగి, తెల్లటి పొట్టు మధ్యలో నుంచి నూనె చెమ్మలా పైకి తేలుతుంది. అప్పుడే పట్టిన నూనె మబ్బుగా ఉంటుంది. ఆయన దాన్ని స్టీలు క్యాన్‌లో పోసి, “మడ్డి దిగేదాకా కదిలించొద్దండి” అని మరీ చెప్పి పంపించాడు. తేరుకున్నాక పైనది లేత పసుపు రంగులో అద్దంలా వచ్చింది. అడుగు మడ్డిని అమ్మ దీపాల గిన్నెలో పోసుకుంది.

ఆముదం కూడా ఇందులో కొంచెం కలపమంటారు. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. జిడ్డును బాగా లాగుతుందని పేరు, కానీ చిక్కదనం చాలా ఎక్కువ. జేజి దాచుకున్న వంటాముదం, అంటే గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలింది తీసినది, నల్లగా పొగ వాసనతో ఉంటుంది. అది ముఖానికి వద్దు. మిల్లు ఆముదం లేతగా ఉంటుంది, అదే వాడాను. చెంచా ఆముదానికి తొమ్మిది చెంచాల కుసుమ నూనె. చలికాలంలో మా ఊరి పొడిగాలికి ఆ మాత్రం ఆముదం కూడా బుగ్గలను లాగేసింది, తీసేశాను. జిడ్డు చర్మం వాళ్లకు ఇంకొంచెం ఎక్కువ పడుతుందేమో.

ముఖానికి పెట్టే ముందు చెవి వెనక ఒక చుక్క రాసి రెండు రోజులు చూశాను. దురద, ఎరుపు లేకపోతేనే ముందుకు. చెనిక్కాయ అలర్జీ ఉన్నవాళ్లు ఆ నూనెను ఇట్లా పరీక్షకు కూడా తాకించకూడదు.

ఇక చేసే పద్ధతి. ముఖం, చేతులు రెండూ పొడిగా ఉండాలి. తడి ముఖం మీద నూనె జారిపోతుంది తప్ప సన్‌స్క్రీన్‌ను పట్టుకోదు. అర చెంచా నూనె అరచేతిలో పోసుకుని, వేళ్ల కొసలతో బుగ్గలు, నుదురు, చివరికి ముక్కు పక్కలు, మెల్లగా ఒక నిమిషం. అంతకు మించి రుద్దడం వల్ల లాభం లేదు. వేళ్ల కింద ఇసుక రేణువుల్లా తగులుతుంటే రంధ్రాల్లోని మురికి ఊడొస్తోందని సంబరపడేవాళ్లు ఉన్నారు. నాకు పొలం నుంచి వచ్చిన రోజే తగిలేవి, సెలవు రోజు తగిలేవి కావు. అది దుమ్మేనని నా నమ్మకం.

పూయడానికి ఒక నిమిషం చాలు. తీయడమే అసలు పని. నూనె దానంతటది నీళ్లతో కలవదు, చెంబులకొద్దీ నీళ్లు పోసినా ముఖం మీద ముత్యాలు ముత్యాలుగా నిలబడుతుంది. అంగట్లో దొరికే క్లెన్సింగ్ ఆయిల్స్‌లో నీళ్లు తగలగానే పాలలా మారిపోయేందుకు ఎమల్సిఫైయర్ కలుపుతారు. గానుగ నూనెలో అది ఉండదు. కరిగిన మురికి నూనెలోనే ఉంది, ఆ నూనె ముఖం మీదే ఉంది అంటే పని సగంలో ఆగినట్టే.

నాయన పాత పంచె గుడ్డను అరచేతి రుమాళ్లుగా చింపుకున్నాను. అంత మెత్తటి గుడ్డ కొన్నా దొరకదు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండి, ముఖం మీద కాసేపు ఆనించి, రుద్దకుండా అద్ది తుడవాలి. గుడ్డ మీద ఆ గోధుమరంగు మరక చూస్తే ఇన్నాళ్లూ ఫేస్‌వాష్ ఏం చేసిందో అనిపిస్తుంది. రెండో మడతతో మళ్లీ ఒకసారి. ఆ గుడ్డ మళ్లీ ముఖానికి తగిలేది వేడినీళ్లు, బట్టల సోడాలో నానబెట్టి ఉతికి, ఎండలో ఆరేసిన తర్వాతే. లేకపోతే ఆ నూనె మగ్గి కంపు కొడుతుంది, క్రిములు సరేసరి.

గుడ్డతో తుడిచాక కూడా పలచటి పొర ఉండిపోతుంది. దానికి జేజి దగ్గర మందు ఉంది. నూనె ఒంటి మీద వదిలేయడం మన వాళ్లకు ఎన్నడూ లేదు, వెనకాలే సున్నిపిండి. అయితే ఆమె సున్నిపిండిలో పెసలు, పసుపు, కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా ఉంటాయి. బావంచాల్లో సోరలిన్ అనే పదార్థం ఉంది, అది తగిలిన చర్మం మీద ఎండ పడితే కమిలి నల్లబడొచ్చు. బొల్లికి ఎండతో కలిపి చేసే చికిత్సలో దాన్ని వాడేది ఆ గుణం కోసమే. రోజూ చేలల్లో తిరిగే నాకు అది పనికిరాదు. నిమ్మరసం కలపొద్దనేది కూడా ఇందుకే. బావంచాలు లేకుండా ఉత్త పెసరపిండి పట్టించి, పలచటి గుడ్డలో జల్లించి వాడాను. బరక పిండి బుగ్గలను గీరేస్తుంది. చెంచా పిండిని నీళ్లలో కలిపి పూసి వెంటనే కడిగేస్తే మిగిలిన నూనెను పిండి పట్టుకుపోతుంది. ఓపిక లేని రోజు సబ్బు లేని మెత్తటి ఫేస్‌వాష్ బఠాణీ గింజంత. చివరి కడుగుకు మాత్రం బోరు నీళ్లు కాకుండా తాగే క్యాన్ నీళ్లు ఒక చెంబు. ఇది చూసి అమ్మ రోజూ గొణుగుతుంది.

నుదుటి మీద గింజలు కొన్ని పోకుండా ఉండిపోయాయి. అన్నీ ఒకే సైజు, చెమట పడితే దురద. చర్మ డాక్టరుకు చూపిస్తే ఆమె మొదట అడిగింది తలలో చుండ్రు ఉందా అని. ఉంది. చుండ్రుకు సంబంధించిన మలాసీజియా అనే ఈస్ట్ చర్మం మీద కొవ్వు ఆమ్లాలనే తిని బతుకుతుందట. చాలా మొక్కల నూనెలు దానికి మేతే. నుదుటికి నూనె ఆపించి, రాసుకోవడానికి మందు రాసిచ్చింది, షాంపూ మార్చమంది. తగ్గింది. అప్పటి నుంచి నూనె కనుబొమల కిందకే, నుదుటికి తడి గుడ్డ, ఫేస్‌వాష్. దురద గింజలున్నవాళ్లు, చీము మొటిమలున్నవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా నూనె జోలికి పోకపోవడమే మేలు.

లాభం ఏమిటంటే, బుగ్గల బిగుతు, పొట్టు లేవడం పోయాయి. గీకితే గోట్లోకి తెల్లగా రావడం లేదు. ముక్కు మీద నల్లచుక్కలు పలచబడతాయి, మళ్లీ వస్తాయి. మంగు మచ్చ ఉన్నచోటే ఉంది, రంగు తేలింది లేదు. నూనెతో తెల్లబడతామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

సన్‌స్క్రీన్ పూసుకోని రోజు నూనె కూడా లేదు, ఉత్త నీళ్లే. సీసా ముదురు రంగుది, చిన్నది, వంటింటి కిటికీకి దూరంగా పెడతాను. లినోలియిక్ ఎక్కువున్న నూనె మా ఊరి ఎండలకు తొందరగా ముక్క వాసన వస్తుంది. వాసన మారితే ముఖానికి కాదు, తలుపు బందుల కిర్రు మాన్పడానికి.

మొన్న గుంతకల్లులో మా పిన్ని కూతురి పెళ్లికి ఆ సీసా సంచిలో వేసుకుపోయాను. రిసెప్షన్ అయ్యాక పెళ్లికూతురి వాటర్‌ప్రూఫ్ కాటుక ఎంత తుడిచినా రాలేదు. కళ్లు మూసుకోమని, దూదికి రెండు చుక్కలు అద్ది రెప్పల మీద ఆనిస్తే వచ్చేసింది. అది చూసి గదిలో ఉన్న ఆడపిల్లలందరూ తలా చెంచా పోయించుకున్నారు, సీసా అక్కడే ఖాళీ. కుసుమలు మళ్లీ చేతికొచ్చేది ఫిబ్రవరి తర్వాతే. అందాకా పొద్దుతిరుగుడు ప్యాకెట్‌తో నడిపిస్తున్నాను, రెండు చేలల్లో కుసుమ సాళ్లు వేయమని రైతులకు ఇప్పుడే చెప్పిపెట్టాను.