కీమో కావాలా, వద్దా: 21 జన్యువుల పరీక్షతో నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పాథాలజీ రిపోర్టు చూసి మా ఆంకాలజిస్ట్ మేడమ్, "గడ్డ చిన్నదేనమ్మా, చంకలో గ్రంథులకు పాకలేదు. ఈఆర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌కు స్పందించే రకం. హెర్2 నెగటివ్, అంటే హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేదు. హార్మోన్ మాత్రలు ఎలాగూ వాడాలి. కీమో సంగతి మాత్రం ఇది చూసి చెప్పలేను" అన్నారు. గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది) 2, కేఐ-67 (కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పేది) కూడా మధ్యరకమే. అప్పుడే ఆంకోటైప్ డీఎక్స్ అనే 21 జన్యువుల పరీక్ష మాట వచ్చింది. కీమో వల్ల లాభం ఉంటుందా లేదా అని అంచనా వేయడానికి ఇది.

ఇందుకోసం మళ్లీ కోయడం, సూది గుచ్చడం ఏమీ ఉండదు. తీసిన గడ్డ ముక్కను ల్యాబులో పారాఫిన్ (మైనం) బ్లాకుగా దాచి ఉంచుతారు కదా, దాన్నే అమెరికాకు పంపారు. ఆ కణాల్లో 21 జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో అక్కడ కొలుస్తారు. 16 జన్యువులు కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి, హార్మోన్‌కు ఎలా స్పందిస్తున్నాయి లాంటివి చెబుతాయి. మిగతా 5 పోల్చి చూసుకోవడానికి. "అక్కా, ఇది వంశపారంపర్యంగా వస్తుందేమో చూసే పరీక్షా?" అని మా చెల్లెలు అడిగింది. అది బీఆర్‌సీఏ, వేరే పరీక్ష. ఇది గడ్డ స్వభావాన్ని మాత్రమే చూస్తుంది.

ఖర్చు లక్షల్లో ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేమన్నారు. మావారు ఫిక్స్‌డ్ డిపాజిట్ తీశారు. ఆ వెసులుబాటు లేని ఆడవాళ్లు ఎంతమందో అని ఇప్పటికీ బాధేస్తుంది.

రిపోర్టు వచ్చేదాకా ఒకటే టెన్షన్. చివరికి స్కోరు 19 అని వచ్చింది. స్కోరు ఎంత ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం అంత ఎక్కువ. సున్నా నుంచి వంద వరకు ఉండే ఆ కొలతలో 19 అంటే సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు.

మేడమ్ ఓపిగ్గా చెప్పారు. 2018లో టైలరెక్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నాలాగే గ్రంథులకు పాకని, హెర్2 నెగటివ్, హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్ ఉండి, స్కోరు 11 నుంచి 25 మధ్య వచ్చిన వాళ్లను అందులో రెండు గుంపులు చేశారు. తొమ్మిదేళ్లకు చూస్తే, హార్మోన్ మందులు మాత్రమే వాడినవాళ్లలో 94.5 శాతం మందికి, కీమో కూడా తీసుకున్నవాళ్లలో 95 శాతం మందికి జబ్బు దూరపు అవయవాలకు పాకలేదు. "మీకు 57 ఏళ్లు. ముట్లు ఆగిపోయాయి. కీమోతో మీకు ఒరిగేదేమీ లేదు. ఇదే 19 నలభై అయిదేళ్లావిడకు వస్తే నేను ఇంత తేలిగ్గా వద్దనను" అన్నారు. యాభై, అంతకంటే తక్కువ వయసువాళ్లకు స్కోరు 16 నుంచి 25 మధ్య ఉంటే కీమో వల్ల కొంత మేలు కనిపించిందట. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "నా స్కోరు ఇంత, కీమో వద్దా?" అని అడిగితే ముందు వయసెంత, గ్రంథుల్లో ఉందా అని అడుగుతాను. హార్మోన్ రిసెప్టర్లూ హెర్2 కూడా లేని ట్రిపుల్ నెగటివ్ రకానికి, హెర్2 పాజిటివ్‌కు ఈ పరీక్ష అసలు చేయరు.

రేడియేషన్ అయిపోయింది. ఇప్పుడు లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున్నే కీళ్లు పట్టేస్తాయి, ఎముకల కోసం డెక్సా స్కాన్, కాల్షియం తప్పలేదు. అయినా మాత్ర మానను. రిపోర్టులో జబ్బు తిరగబెట్టే అవకాశం ఇంత అని వేసిన లెక్క, అయిదేళ్లూ హార్మోన్ మందు వాడతామనే వేసింది.