పెంచలకోన నడకకు పది వారాలు

నెల్లూరు వైపు పెంచలయ్య, పెంచలమ్మ అన్న పిలుపు వినిపించని వీధి ఉండదు. మా ఇలవేల్పు కూడా ఆ పెంచలస్వామే. వెలిగొండల పాదాన, రాపూరు మండలం పెంచలకోనలో, చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలగా వెలిశాడని పెద్దలు చెప్పే నరసింహస్వామి. నెల్లూరు నుంచి ఆయన దగ్గరకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. దారి దాదాపు 80 కిలోమీటర్లు.

మొదటిసారి వైశాఖమాసంలో, బ్రహ్మోత్సవాలకు బయలుదేరాను. మొక్కుకుని అప్పటికి పదిహేను రోజులే. కొత్త బూట్లు కొని రెండురోజుల ముందు తొడిగాను. పొదలకూరు దాటేసరికి రెండు మడమలూ బొబ్బలెక్కాయి, తారు రోడ్డు సెగ మోకాళ్ళ దాకా తగిలింది. చివరికి బస్సెక్కి కోన చేరాను. దర్శనం బాగా జరిగింది కానీ వరుసలో నిలబడి ఏడుపు ఆపుకోలేకపోయాను. నాలో భక్తికి లోటు లేదు, కాళ్ళకే వ్యవధి ఇవ్వలేదు.

మళ్ళీ వెళ్ళాలనుకున్నప్పుడు మా పెద్దమ్మను అడిగాను. ఆమెకు 61 ఏళ్ళు, నాలుగుసార్లు నడిచి వెళ్ళింది.

"ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి పెద్దమ్మా?"

"రోజులు కాదమ్మా, వారాలు లెక్కపెట్టు. ఎనిమిది వారాలు నడకకు, రెండు వారాలు వానకు."

వానకు రెండు వారాలు ఏమిటో ఆ కార్తీకంలోనే అర్థమైంది. సంక్రాంతి వెళ్ళాక చల్లటి రోజుల్లో నడవాలంటే సాధన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే సాగాలి. మా జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అప్పుడే వస్తాయి. ఒక వాయుగుండానికి వారం రోజులు గడప దాటలేదు. ఆ వారమంతా మేడమెట్లు ఎక్కి దిగాను.

మొదటి వారం రోజుకు నాలుగు కిలోమీటర్లే. ఆ తర్వాత వారానికి ఒకటి, ఒకటిన్నర పెంచుకుంటూ పోయాను. ఆయాసం మూడు వారాల్లోనే తగ్గింది. ఇక ఎంతయినా నడవగలననిపించే ఆ సమయంలోనే తొందరపడకూడదు, ఎందుకంటే అరికాళ్ళు, మడమలు, మోకాలి కీళ్ళు ఊపిరంత త్వరగా అలవాటుపడవు. ఆరో వారం పెన్న అవతలి ఒడ్డున ఉన్న జొన్నవాడ కామాక్షమ్మ గుడికి నడిచి, ఆటోలో వచ్చాను. ఎనిమిదో వారం శనివారం నెల్లూరు దగ్గరి నరసింహకొండకు, ఆదివారం మళ్ళీ నరసింహకొండకు. అసలు పరీక్ష ఆ రెండో రోజే. ఒక్కరోజు పాతిక కిలోమీటర్లు చాలామంది నడుస్తారు. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి పట్టేసిన పిక్కలతో లేచి మళ్ళీ నడవడం ఎలా ఉంటుందో ఇంటి దగ్గర ఉండగానే తెలియాలి. చివరి వారం నడక సగానికి తగ్గించి, కాళ్ళకు విశ్రాంతి ఇచ్చాను.

బూట్ల విషయంలో పెద్దమ్మ కచ్చితంగా ఉంది. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనమంది. బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండునెలలు వాటితోనే నడవాలి. బయలుదేరే ముందు వేళ్ళ సందుల్లో కొబ్బరినూనె రాసి, మేజోళ్ళను తిరగేసి తొడిగింది. లోపలి కుట్టు చిటికెన వేలికి ఒరుసుకుంటుందట. నాకు మొదటిసారి మడమలతోపాటు సరిగ్గా అక్కడ కూడా బొబ్బ లేచింది.

మూడు రోజుల నడకలో దారి గురించి చెప్పేది తక్కువ. చీకట్లో బయలుదేరి, పది దాటితే ఎక్కడో ఒకచోట ఆగి, మళ్ళీ నాలుగు తర్వాత కదిలేవాళ్ళం. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన నడిచాం. పొదలకూరు దగ్గర నిమ్మకాయలు కొన్నాం. ఉప్పు, పంచదార వేసిన ఆ నీళ్ళు మధ్యాహ్నాల్లో మమ్మల్ని నిలబెట్టాయి. పోయినసారి నేను బస్సెక్కిన చోటు వచ్చినప్పుడు పెద్దమ్మ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని దాటించింది.

గోనుపల్లి దాటి కొండలు దగ్గరపడుతుంటే నాకు మాట రాలేదు. స్వామి ముందు నిలబడినప్పుడు ఏం కోరుకున్నానో కూడా గుర్తులేదు. బయటికి వచ్చాక పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నా పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ సందులు ఒక్కొక్కటే విడదీసి చూసింది. ఒక్క బొబ్బ కూడా లేదు.

"వచ్చే ఏడు మీ పెదనాన్నను కూడా తీసుకొద్దాం. దీపావళి వెళ్ళగానే నడక మొదలుపెట్టాలని ఇంటికి వెళ్ళగానే చెప్పు. నేను చెబితే వినరు" అంది.