రెండు సూత్‌ల కుసి

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి చేసింది మన క్లాసు హాజరుపట్టీలో పదిహేడో నంబరువాడు. వాడు అడిగాక కాదనడం ఎవరి తరం? నీళ్ళ ట్యాంకు మీది చెప్పు, లెక్కల సారు గొడుగు, మంగళవారం ఉప్మా... అవన్నీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను మనకు వడ్రంగం నేర్పిన క్రాఫ్టు సారు గురించే రాస్తాను.

ఎనిమిదో తరగతి, 1983. సైకిల్ షెడ్డు వెనక రేకుల గది, కాగుతున్న సరేసు, అదే కొయ్య అతికించే జిగురు, వాసన, శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు. పక్క సెక్షన్‌వాళ్ళు ఫోటో ఫ్రేములు, పెన్ స్టాండ్లు చేసుకుని ఇళ్ళకు పట్టుకెళ్తుంటే, మనం మాత్రం ఏడాదంతా ఒక్క మామిడిచెక్క స్టూలు దగ్గరే ఉన్నాం.

హాఫియర్లీకి ముందు శుక్రవారం నా స్టూలు కాళ్ళను కలిపే నాలుగో పట్టె కుసి, అంటే కాలి బెజ్జంలో దూరే కొన, వదులైంది. గీత అవతల కోయాల్సింది లోపలికి కోసేశాను. ఎవరూ చూడకుండా రంపపు పొట్టు సరేసులో కలిపి సందులో కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. కంటికి ఏమీ తెలియలేదు. సారు స్టూలు అందుకుని, ఒక కాలు పట్టుకుని కొంచెం మెలిపెట్టారు. కిర్రుమంది.

"సరేసు మీద భరోసా పెట్టకు బిడ్డా. కొయ్య కొయ్యను పట్టుకోవాలె."

ఆ పట్టె ఊడదీసి పక్కన పెట్టారు. బెల్లు కొట్టినా నన్ను పంపలేదు. కొత్త పట్టె నాతోనే కోయించారు. ఆరు సూత్‌ల మందం పట్టెకు రెండు సూత్‌ల మందం కుసి, అంటే మూడో వంతు. గీత మిగలాలి. చేత్తో నొక్కితే బెజ్జంలో సగందాకా దిగాలి, మిగతా సగం గూటం దెబ్బకు దిగాలి. రంపం పట్టిన నా చెయ్యి మీద ఆయన చెయ్యి బరువు నాకింకా తెలుస్తుంది. అది బిగుసుకునేసరికి చీకటి పడింది. నారాయణగూడ చౌరస్తా దాకా సారే సైకిల్ మీద దింపారు.

ఆ తర్వాత పది పాసవడం, ఇంటరు, డిగ్రీ, బ్యాంకు, బదిలీలు. పెళ్ళయిన కొత్తలో కొన్న పార్టికల్ బోర్డు అలమర మూడు వానాకాలాలకే అడుగున పొంగి పొడిపొడిగా రాలింది. అప్పుడే నేను జుమ్మేరాత్ బజార్లో ఒక పాత చిత్రిక, రెండు ఉలులు కొన్నాను.

2019లో చిక్కడపల్లిలో ఒక పెంకుటిల్లు కూలుస్తుంటే రెండు టేకు దూలాలు తెచ్చుకున్నాను. మేకులు పీకడానికే రెండు ఆదివారాలు పట్టింది. చిత్రిక నాలుగుసార్లు లాగేసరికి మసిబారిన పైపొర పోయి, లోపల తేనెరంగు చేవ బయటపడింది. మేడమీదంతా టేకు నూనె వాసన. దాంతో ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల చేశాను. పైచెక్కను కింది చట్రానికి బిగించేచోట మరలకు గుండ్రటి బెజ్జాలు కాక పొడుగు గాడులు తీశాను. చెక్క పొడవులో పెద్దగా మారదు, అడ్డంలోనే పెరుగుతుంది, తగ్గుతుంది. మే ఎండకు ముడుచుకుంటుంది, ఆగస్టు ముసురుకు ఉబ్బుతుంది. కదలనివ్వకుండా బిగిస్తే నెర్రెలిస్తుంది. వానల్లో మన క్లాసు తలుపు మూతపడనప్పుడు సారు చెప్పింది ఇదే కదా!

మొన్న సంక్రాంతికి అరిసెలు ఒత్తింది ఆ బల్ల మీదే. మా అమ్మాయి బెంగళూరులో తన పుస్తకాల గూడు తనే చేసుకుంటోంది. "నాన్నా, కుసి ఎంత మందం?" అని ఫోన్ చేసింది. రెండు సూత్‌లన్నాను. సూత్ అంటే ఏంటని అడిగితే, అంగుళంలో ఎనిమిదో వంతని చెప్పాను. చెబుతుంటే నాకు ఎంత సంతోషమేసిందో!

ఆ స్టూలు ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. అటక అందుకోవాలంటే మా ఆవిడ దాని మీదే ఎక్కుతుంది. పోయినేడు పాత పాలిష్ తీసి కొత్తగా లక్క పాలిష్ వేశాను. పీట అడుగున మాత్రం రూపాయి బిళ్ళంత చోటు వదిలేశాను. సారు పెన్సిలుతో పెట్టిన టిక్కు అక్కడుంది.